అడ్డగీత

గవర్రాజు సీసాలకి మార్కులు వేస్తున్నాడని మా పక్కింటి నారాయణమ్మ మా ఆవిడతో చెప్పింది. నారాయణమ్మకి నూకాలు చెప్పిందట. నూకాలుకి ఎవరు చెప్పారో నూకాలు చెప్పలేదట. "గోడేపు తిరిగి కూకుంటాడంట. ఎవులో గలాసు అందిత్తారంట. గుక్కెడు తాగి, కళ్ళు మూసుకుని, కాయితమ్మీద గీతలు గీత్తాడంట. ఆ గోదారాయనకి గాలి సోకినట్టుంది. మీ ఆయన్ని ఆయనెంట తిరగొద్దని సెప్పమ్మా" అని ముగించిందట. మా ఆవిడ ఆ కబురు అన్నంతోపాటు నాకు వడ్డించింది.

గ్లాసు అందిస్తున్న ఆ ఎవులో నేనేనని ఆవిడకి చెప్పలేదు.

గవర్రాజు పోర్టులో టాలీ క్లర్కు. ఓడెక్కే సరుకూ దిగే సరుకూ లెక్కపెట్టి గీతలు గీయడం అతని ఉద్యోగం. నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ ఒక అడ్డగీత, వెరసి అయిదు. ఓడల వాళ్ళు అతనికి స్నేహితులు. ఆ స్నేహం మీద గ్రీకు వాళ్ళ నిమ్మ సోడా, పోలండు వాళ్ళ ఆపిల్ సోడా, ఏ దేశానిదో గొంతు మండించే అల్లం సోడా అతని నాలిక మీదుగా దిగాయి. దేనికైనా తన గీతలే. ఒక గీత అంటే పారబొయ్యమని. మూడంటే దాహానికి ఫరవాలేదని. అడ్డగీత పడిందంటే ఆ సీసాని కడిగి తుడిచి ఇంట్లో దేవుడి గూటి పక్కన నిలబెట్టేవాడు. అక్కడ పదకొండు సీసాలుండేవి. ఒక్కటీ ఈ దేశానిది కాదు.

మనిషిలో మోసం లేదు. సీసా కంటపడితే మనసు ఒకవైపు మొగ్గుతుందని తనకి తానే గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మాది ఆనందపురం అవతల పల్లె. గేదెని కొనేముందు నాలుగు పూటలు పాలు పితికి చూసేవాళ్ళం. అతని పద్ధతి నాకు నచ్చింది. నాకే కాదు, పోర్టులో సగం మందికి గవర్రాజు నాలిక మీద గురి కుదిరింది.

అది డెబ్భై ఎనిమిది వేసవి. అంతకు ముందేడు పెద్ద కూల్‌డ్రింకు కంపెనీ దేశం వదిలి వెళ్ళిపోయింది. మా పోర్టు కేంటీను ఐసు పెట్టెలో ఐసు తప్ప ఏమీ మిగల్లేదు. కేంటీను సెక్రటరీ గురునాథరావు ముందు రెండు దారులున్నాయి. పై ఊరినుంచి వేనులో వచ్చే రేకు మూత సోడా ఒకటి, కంచరపాలెం దేముడమ్మ గోలీ సోడా ఇంకొకటి. "గవర్రాజు ఏదంటే అదే" అన్నాడు గురునాథరావు. ఆయన సొంతంగా ఏదీ అనడు. అందుకే మూడుసార్లు సెక్రటరీ అయ్యాడు.

దేముడమ్మ ఆరేళ్ళుగా పోర్టు గేటు ముందు బండి మీద సోడాలు అమ్ముతోంది. ఇంట్లో మొగుడు అప్పలసూరి గేసు మిషను చక్రం తిప్పుతాడు, నీళ్ళూ నిమ్మా ఆమె చూసుకుంటుంది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తారట. జూన్ ఒకటి నుంచి గేటు ముందు బళ్ళు ఉండకూడదని చెప్పి వెళ్ళారు. కేంటీను దొరికితే చక్రం తిరుగుతుంది. లేదంటే భీమిలి పోయి చేపల గంప ఎత్తుకోవాలి. ఆ గంప దింపి వచ్చిన మనిషే ఆమె.

సోమవారం మధ్యాహ్నం కేంటీను వెనక గదిలో మొదటి సీసా తెరిచాను. బొటనవేలితో నొక్కితే గోలీ టక్కుమని లోపలికి పడింది. గవర్రాజు తాగాడు, నోట్లో తిప్పాడు, రెండు గీతలు గీశాడు.

"నీళ్ళలో ఉప్పుందండీ. ఇది కంచరపాలెం బావి నీరేనండి, ఆయ్."

గుమ్మంలో నిలబడ్డ దేముడమ్మ "రేపు సూడండి బావూ" అని ఖాళీ సీసా పట్టుకుపోయింది.

మర్నాడు కొండవాలు బావినుంచి రిక్షాలో బిందెలు తెప్పించింది. మూడు గీతలు పడ్డాయి. ఎక్కడో రబ్బరు వాసన ఉందన్నాడు. బుధవారానికి సీసాల మూతుల్లో రబ్బర్లన్నీ పీకి కొత్తవి వేసింది. మళ్ళీ మూడే. రబ్బరు పోయిందిగాని ఎసెన్సు తేలిందట. గురువారం ఎసెన్సు మానేసి నిమ్మకాయలే పిండి, చిటికెడు అల్లం రసం చేర్చింది. నాలుగు గీతలు.

"ఇంకో గీతకి ఏటి సెయ్యాల బావూ?"

గవర్రాజు నిజంగానే ఆలోచించాడు. "అది చేస్తే వచ్చేది కాదమ్మా. దాని తీరే వేరు. ఓడ సరుక్కే ఉంటుంది."

రోజూ దీంతోపాటే రుచి చూస్తున్న రేకు మూత సోడాకి కూడా ఆ రోజు నాలుగే పడ్డాయి. గురునాథరావు తల గోక్కున్నాడు. "రెండూ నాలుగే అయితే రేకు మూతే కానిద్దాం. బల్ల మీద పెడితే చూడ్డానికి మర్యాదగా ఉంటుంది. ఎందుకైనా మంచిది, శనివారం మరోసారి రుచి చూసి తేల్చేద్దాం."

నాకు మాత్రం ఒక సంగతి అప్పటికే పట్టుబడింది. వెనక రేకు మూత ఫిస్సుమంటే గవర్రాజు వీపు నిటారుగా లేచేది. గోలీ టక్కుమంటే భుజాలు జారిపోయేవి. గ్లాసు చేతికందక ముందే సగం మార్కులు పడిపోయేవన్నమాట. కళ్ళని గోడవైపు తిప్పాడుగాని చెవుల్ని ఎటు తిప్పుతాడు? ఆ మాట దేముడమ్మతో అన్నాను. "నాను మంగళవారమే సూసినాను" అంది.

శుక్రవారం ఇనప ఖనిజం ఎత్తుకోవడానికి వచ్చిన జపాను ఓడనుంచి వంటవాడొకడు గేటు బయటికి వచ్చి దేముడమ్మ బండి దగ్గర ఆగాడు. తెలియనివాడు గోలీ సోడా ఎత్తితే గోలీ జారి మూతికి అడ్డం పడుతుంది, చుక్క రాదు. పైకి చూస్తాడు, సీసా ఊపుతాడు, చివరికి చొక్కా తడుపుకుంటాడు. ఆ తమాషా చూద్దామని నలుగురం చేరాం. వాడు సీసాని చేతిలో సగం తిప్పి, మెడలో ఉన్న నొక్కుకి గోలీని ఆనించి, కంచరపాలెంలో పుట్టినవాడిలా గటగటా తాగేశాడు. తాగి, గోలీని చూపించి నవ్వాడు, ఉండమన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. గంటలో రెండు సీసాలతో తిరిగొచ్చాడు. జపాను రాతలు. లోపల గోలీ.

దేముడమ్మ నోరు పుక్కిలించుకుని ఒక సీసా తనే తాగింది. ఆమె గోడవైపు తిరగలేదు.

"తీపెక్కువ. గేసు గట్టిగుంది, పడిపోనేదు. ఇది నిమ్మ కాదు బావూ, నిమ్మకి సుట్టం. నానైతే నాలుగేత్తాను." రెండో సీసా నాకిచ్చింది. "ఇది రేపు ఆయనకి పొయ్యి. అబద్దమాడక్కర్నేదు. ఏటీ సెప్పకు, అంతే."

చెప్పకుండా ఊరుకోవడంలో మా పల్లెవాళ్ళని మించినవాళ్ళు లేరు.

శనివారం గవర్రాజు గోడవైపు తిరిగాడు. నేను నొక్కాను. టక్కు. భుజాలు జారాయి. తాగాడు, నాలిక అంగిట కొట్టాడు, మూడు గీతలు గీసి పెన్సిలు కింద పెట్టాడు.

"ఏదో మార్చేసింది బావా" అన్నాడు నాతో. అందర్నీ బావా అనడం ఈ ఊరొచ్చాక నేర్చుకున్నాడు. "నిమ్మకాయ మానేసింది. పంచదార గుమ్మరించింది. మొన్నటిదే నయం. ఎంత చేసినా గోలీ సోడా గోలీ సోడాయేనండి."

దేముడమ్మ నా చేతిలోంచి సీసా తీసుకుని అతని ముందు పెట్టింది. గవర్రాజు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. లోపల గోలీ కదిలింది. ఆ రాత చదవడం అతనికి రాదుగాని ఏ దేశం రాతో రోజూ ఓడల మీద చూసేదే.

"ఇదెక్కడిది?" అన్నాడు గురునాథరావు.

"జపాను ఓడది బావూ. నిన్న వంటాయన ఇచ్చినాడు. ఈ బావు సూసినాడు."

నేను తలూపాను. ఇంకెవరైనా అయితే మొహం మాడ్చుకునేవాడు. గవర్రాజు గ్లాసులో మిగిలింది కూడా తాగి, మీసం తుడుచుకున్నాడు.

"నిమ్మకాయ లేదన్నాను, లేదు. పంచదారన్నాను, ఉంది. నా నాలిక తప్పలేదండి. తప్పింది చెవి." కాసేపు ఆ గోలీనే చూశాడు. "మూడు మాత్రం కాదులెండి. ఎంతో నాకిప్పుడు తెలీదు."

గురునాథరావుకి లెక్క కుదిరిపోయింది. "జపానుకి మూడు, దేముడమ్మకి నాలుగు. కాయితం మీద ఉన్నదే కదా. రేకు మూతకి మర్యాద ఒక్కటే, దీనికైతే జపాను మీద నెగ్గిన సోడా అని బోర్డు కూడా రాయించొచ్చు. సోమవారం నుంచి దింపమ్మా, పూటకి అరవై."

దేముడమ్మ మొహం మీదకి నవ్వు రాలేదుగాని, నడుముకి దోపుకున్న కొంగు వదులు చేసుకుంది.

గవర్రాజుకి ఇంకా తనివి తీరలేదు. దొంతరలోంచి గురువారం కాయితం బయటికి లాగాడు. నాలుగు నిలువు గీతలున్నాయి. పెన్సిలు మొన నాలికతో తడిపాడు.

"ఇటు రామ్మా. పదకొండేళ్ళ సర్వీసులో ఈ దేశం సరుక్కి నేను వేస్తున్న మొదటి అడ్డగీత. నీ కళ్ళముందే వేస్తాను."

దేముడమ్మ వంగి, ఆ కాయితం మీద అరచెయ్యి బోర్లించింది.

"ఇయ్యాల మీరు నా సోడా తాగనేదు బావూ. తాగకండా గీసిన గీత నాకెందుకు?"