జిగురు గది అడిగింది

రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన సభ అంటూ, ఆ ఆపరేషన్ చేయించుకుని అప్పుడే పనిలోకి వచ్చిన మనిషిని తీసుకొచ్చి వేదిక మీద నిలబెట్టారు. ఒంటికి అడ్డంగా గులాబీ రంగు పట్టీ వేశారు. నెత్తిన గులాబీ టోపీ పెట్టారు. వెనకాల గులాబీ బుడగలు. "గెలిచినట్టు చెయ్యి పైకెత్తండమ్మా!" అన్నాడు ఫోటోలవాడు. కోత పడిన వైపు చెయ్యి ఆమెకు భుజం దాకా కూడా లేవదు. రొమ్ముతో పాటు చంకలో గడ్డలూ తీసేశారు. లేవని ఆ చేతిని మేనేజరు పట్టుకుని పైకి లాగాడు. నొప్పికి ఆమె మూతి వంకర తిరిగింది.

"ఆ, అదే నవ్వు! అలాగే ఉండండి!" అన్నాడు ఫోటోలవాడు.

ముందు వరసలో కూర్చున్న ఆఫీసు జనం చప్పట్లు కొట్టారు.

ఆమెను మేమంతా పొడుగక్క అంటాం. ఆమెదీ మాదీ ఒకే గది, బూట్ల ఫ్యాక్టరీలో జిగురు గది. అట్టకూ తోలుకూ బ్రష్షుతో జిగురు రాసి అంటించడం మా పని. గాలి బయటికి లాగే ఫ్యాను ఎప్పుడో కాలిపోయింది. దుమ్ము పడి సరుకు పాడవుతుందని కిటికీలకు మేకులు కొట్టేశారు. మధ్యాహ్నమయ్యేసరికి తల దిమ్మెక్కుతుంది. ఇంటికి పోయి నోట్లో ముద్ద పెట్టుకున్నా జిగురు వాసనే. పక్కలో పడుకున్న పిల్లలు "అమ్మా, అటు తిరుగు" అంటారు. ఈ గదిలో నా పక్కన కూర్చునే పొట్టి వదిన రొమ్ములో గడ్డతోనే పోయింది. తలుపు దగ్గర కూర్చునే పెద్దమ్మా అలాగే పోయింది. ఇప్పుడు పొడుగక్క.

మేనేజరు మైకు అందుకున్నాడు. "ఈ జబ్బు మన అలవాట్లను బట్టి వస్తుంది. ఒళ్లు పెరగనివ్వకండి. మనసు సంతోషంగా ఉంచుకోండి. మన కంపెనీ మీ వెంటే ఉంది."

గంట కొట్టగానే టోపీలు వెనక్కి లాక్కున్నారు. మర్నాడు ఇంకో ఫ్యాక్టరీలో ఇదే తంతు ఉందట. పొడుగక్క నెత్తి మీదిది కూడా తీసుకున్నారు. మందులకు జుట్టంతా రాలిన ఆ బోడితల అందరి ముందూ బయటపడింది. ఆమె పోయి జిగురు డబ్బా ముందు కూర్చుంది.

ఆ వారమే ఈ జబ్బు మీద పరిశోధన అంటూ తెల్లకోట్ల డాక్టర్లు దిగారు. క్యాంటీన్‌లో బల్లలు వేసి ఒక్కొక్కరినే పిలిచారు. పెద్దమనిషివి ఎప్పుడయ్యావు, ఎంతమంది పిల్లలు, పాలు ఎన్నాళ్లిచ్చావు, మందు తాగుతావా. అడిగినవన్నీ రాసుకున్నాక సూది గుచ్చి రక్తం తీశారు. మాలో ఒకామెను మైకు అని పిలుస్తాం. ఆమె గుసగుస కూడా గేటు దాకా వినపడుతుంది. ఆమె వంతు వచ్చింది.

"డాక్టరమ్మా, నా పడగ్గది సంగతులన్నీ అడిగావు. పని చేసే గది సంగతి ఒక్కటీ అడగలేదేం?"

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "అది ఈ పరిశోధన పరిధిలో లేదమ్మా."

"ఆ పరిధి గీసిందెవరు?"

"ఖర్చు భరించేది కంపెనీ కదా. వాళ్లతో మాట్లాడుకునే..."

"మరి మా రక్తంలో ఏం తేలిందో మాకు చెప్తారా?"

"నివేదిక కంపెనీకి ఇస్తాం."

మైకు లేచి, పైకి మడిచిన చొక్కా చేతిని దించుకుంది. "రక్తం మాది, రోగం మాది, నివేదిక వాడిదా? థూ!"

ఆదివారం పొడుగక్క ఇంట్లో కలిశాం. ఒకటే గది. గోడలకు ఆనుకుని కొందరం, మంచం మీద కొందరం, గడపలో ఇంకొందరం. పొడుగక్క మొగుణ్ణి మేం బావ అంటాం. "నేను బయట కాపలా ఉంటాలే, మీరు కానివ్వండి" అని తలుపు దగ్గరగా వేసి పోయాడు.

మొదట అంతా గోలే. "పని పోతే పిల్లల్ని ఎవరు సాకుతారు?" అంది ఒకామె. "డాక్టర్లకు తెలీదా ఏం అడగాలో?" అంది మరొకామె. "అసలు ఆ మాట పైకెత్తడానికే సిగ్గుగా ఉందమ్మా. మా ఇంట్లో తెలిస్తే చంపేస్తారు" అంది మూలనున్న పెద్దావిడ.

పొడుగక్క అంతసేపూ వింటూ కూర్చుంది. లేచి, చొక్కా గుండీలు విప్పింది.

రొమ్ము ఉండాల్సిన చోట ఎముకలు తేలిన చదునైన ఛాతీ. దాని మీద నడిమి నుంచి చంక దాకా ఎర్రగా, లావుగా కుట్టు.

"చూడండే. ఫోటోల్లో ఇది పడలేదు," అంది. "గడ్డ నా చేతికి తగిలినప్పుడు బఠాణీ గింజంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. సిగ్గేసి మీ బావకి కూడా చెప్పలేదు. చర్మం లోపలికి గుంట పడింది. అప్పుడూ చెప్పలేదు. సెలవడిగితే ఎందుకని అడుగుతాడు సూపర్‌వైజరు, ఆ మగాడికి ఏం చెప్పను? చంకలోకి పాకాక పోయాను. ముందే పోయుంటే ఇంత కోత ఉండేది కాదన్నారు."

"అయితే అన్ని గడ్డలూ అదేనా అక్కా?" అడిగింది కొత్తపిల్ల. మా గదిలో అందరికన్నా చిన్నది, కిందటేడే చేరింది.

"కాదమ్మా. చాలా గడ్డలు ఏమీ కావంట. కానీ ఏదో తేల్చాల్సింది డాక్టరు. మన సిగ్గు కాదు తేల్చేది."

ఎలా చూసుకోవాలో, ఏ మార్పు కనపడితే పరుగెత్తాలో ఆసుపత్రిలో నర్సులు తనకు చెప్పినదంతా చెప్పింది. అడ్డంగా మాట్లాడిన పెద్దావిడే ముందు గుండీలు విప్పింది. నవ్వులూ మొదలయ్యాయి. "నా వాటిల్లో వెతకడానికి ఏముందే!" అని మైకు అంటే బయట బావ కూడా నవ్వినట్టున్నాడు.

కొత్తపిల్ల మాత్రం నవ్వలేదు. చెయ్యి చొక్కా లోపలే ఆగిపోయింది. "అక్కా, ఇక్కడేదో ఉంది," అంది.

మర్నాడు ఆ పిల్ల ఆసుపత్రికి పోతానని సెలవడిగింది. సూపర్‌వైజరు వెకిలిగా నవ్వాడు.

"మొన్నే కదమ్మా గులాబీ పండగ చేశాం! ఇంకా తీరలేదా సరదా? పోయి కూర్చో."

ఆ మాట గదిలో ప్రతి చెవినా పడింది. మొదట ఎవరి బ్రష్షు ఆగిందో నేను చెప్పలేను. గది మొత్తం ఆగింది, అంతే. కూర్చున్న వాళ్లందరం లేచాం. పెద్దావిడ కొత్తపిల్ల చెయ్యి పట్టుకుని, "పదవే, నేను తీసుకుపోతాను. వీడి మొహం వీడిని చూసుకోమను," అని గేటు దాటించేసింది. మిగిలిన వాళ్లం క్యాంటీన్ మీదికి నడిచాం.

తెల్లకోట్ల వాళ్లు మిగతావాళ్ల రక్తం తీయడానికి బల్లలు సర్దుతున్నారు. మేం ఎదురుగా నిలబడి చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని గుండీలు పెట్టేశాం. సంగతి తెలిసి కుట్టు గది వాళ్లూ వచ్చారు. ప్యాకింగు మగవాళ్లూ వచ్చి గోడ పొడుగునా నిలబడ్డారు. మేనేజరు చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"డాక్టర్లు చేసే పనిలో మీరేంటి? చదువుకున్నారా మీరు?"

"లేదు సారూ," అంది పొడుగక్క. "ఆ గాలి పీల్చాం. పరిశోధన మాకూ కావాలి. మేం లేకుండా జరిగేది వద్దు. ఆ డబ్బాలో ఏం కలుపుతున్నారో మాకు చెప్పాలి. ప్రశ్నలు రాసేటప్పుడు మావాళ్లు కూర్చోవాలి. ఏం తేలినా ముందు మాకు, మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. పరీక్షకు పోయే ఏ ఆడదానికీ జీతం కోయకూడదు. అప్పటిదాకా ఒక్క చుక్క రక్తం కూడా ఇవ్వం."

డాక్టరమ్మ ముందుకొచ్చింది. "చూడమ్మా, ఆ జిగురు వల్లే వచ్చిందని నేను చెప్పలేను. తొందరపడి..."

"చెప్పమనట్లేదు తల్లీ," అంది మైకు. "చూడమంటున్నాం. చూడకుండా కాదని ఎలా చెప్తావు? ఒక్కసారి మా గదికి రా. మధ్యాహ్నం దాకా మా పక్కన కూర్చో."

డాక్టరమ్మ మేనేజరు వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె అక్కడే ఆగిపోయింది. చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ చూపు గుర్తుపెట్టుకోండి. రేపు మీరూ తెల్లకోట్లు వేసుకుంటారు. అంత చదువు చదివిన మనిషి ఒక గదిలోకి అడుగు పెట్టడానికి ఒక జీతగాడి తల ఊపు కోసం ఎదురు చూసింది. అంతకన్నా రోత నేను చూడలేదు. ఆమె వెనకున్న కుర్ర డాక్టరు మాత్రం కోటు విప్పి బల్ల మీద పెట్టి, "నేను చూస్తాను, దారి చూపించండి," అన్నాడు. అతన్ని గది గుమ్మం దగ్గరే వాచ్‌మన్లు అడ్డుకున్నారు.

పోలీసులు వచ్చారు. పని ఆపించామని, డాక్టర్లను బెదిరించామని పొడుగక్కనూ, మైకునూ, నన్నూ గేటు దగ్గర వ్యాన్ ఎక్కించారు. పొడుగక్కను లేవని చేతి వైపే పట్టుకుని లాగబోతే, "ఆ వైపు ముట్టుకోకురా!" అని గేటు మొత్తం అరిచింది. లాగినవాడు చెయ్యి వదిలేశాడు. ఆమె తనంతట తనే మెట్టెక్కింది. మా వెనకాల, గేటు ముందు అందరూ నేల మీద కూర్చుంటున్నారు. రోడ్డుకు అవతలి రంగుల ఫ్యాక్టరీ ఆడవాళ్లు పని దుస్తుల్లోనే వచ్చి వాళ్ల పక్కన చేరుతున్నారు.

వ్యాన్‌లో మాకు కాపలాగా ఒక ఆడ కానిస్టేబుల్ కూర్చుంది. మొదట లాఠీ ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని ఉంది. రెండు వీధులు దాటాక ముందు సీటు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, మా అమ్మ ఇలాగే దాచిపెట్టుకుని పోయింది. నాకూ వస్తుందా?"

పొడుగక్క కాస్త జరిగి, పక్కన చోటు చూపించింది. "ఇటు రా చెల్లీ. మీ అమ్మకు ఏ వయసులో వచ్చింది? ముందు అది చెప్పు. ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి."

ఆమె వచ్చి కూర్చుంది. తలలు దగ్గరికి చేరాయి.

ముందు సీట్లోంచి ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ అరిచాడు. "వెనక ఏంటా గుసగుసలు?"

మైకు గొంతు వ్యాన్ రేకులు అదిరేలా లేచింది. "మీటింగండీ! మీరు తిన్నగా ముందుకు చూసి పోనివ్వండి!"