చూడకుండా విసిరే చెయ్యి

పొడుగు, పొడుగు, ఈ కోచ్‌కి నిద్రలో కూడా పొడుగే కలవరింత కాబోలు, ముప్పై ఒక్క ఏళ్ళవాడట, ఆరడుగుల పదకొండు అంగుళాలట, రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతి ఒక్కటీ వదలడట, అవతలి క్లబ్బు వాళ్ళు అతన్ని ఇస్తారట, బదులుగా మన కుర్రాడు నిదానాన్ని అడుగుతున్నారట, సాయంత్రం అయిదింటికల్లా అవునో కాదో తేల్చాలట, మేనేజర్ మాత్రం నా వంకే చూస్తున్నాడు, అన్నా, వాణ్ణి వెతికి తెచ్చింది నువ్వు, నువ్వు వద్దంటే వద్దు, అంటున్నాడు, ఎంత తేలిగ్గా నా నెత్తిన పెట్టేశాడో, బోర్డు మీద మా బాస్కెట్‌బాల్ జట్టులోని పన్నెండు పేర్లు, సగటు వయసు ఇరవై రెండు, పోయిన ఏడాది ఆడినవాటిలో మూడోవంతు కూడా గెలవలేదు, అయినా ఈ పిల్లల్ని చూస్తే నాకు కడుపు నిండుతుంది, నిదానం అనే పేరు తోటివాళ్ళు పెట్టిందే, ఇల్లు తగలబడుతున్నా వీడు చెప్పులు వెతుక్కుని గానీ బయటికి రాడ్రా అని ఏడిపిస్తారు, కానీ బంతి చేతికొస్తే చాలు, అటు చూస్తూ ఇటు ఇస్తాడు, ఎడమచేత్తో, అచ్చం ఎడమోడిలాగే.

ఎడమోడంటే నా స్నేహితుడు, అప్పుడు మేమంతా ఇరవయ్యేళ్ళవాళ్ళం, క్లబ్బు ఇచ్చిన ఒకే గదిలో నలుగురం, రెండు మంచాలు దగ్గరికి జరిపి అడ్డంగా పడుకునేవాళ్ళం, కాళ్ళు బయటికి వేలాడేవి, వాడు ఏదీ చేతికి ఇచ్చేవాడు కాదు, సబ్బైనా, దువ్వెనైనా, నారింజ తొనైనా వెనక్కి తిరక్కుండానే విసిరేవాడు, పట్టుకో మామా అని కూడా అనేవాడు కాదు, నేను అక్కడ ఉంటానని వాడికి తెలుసు, ఉండేవాణ్ణి, ఒకసారి తడి నేల మీద సబ్బు పట్టుకోబోయి జారిపడితే మోచెయ్యి బూరెలా వాచింది, అయినా సబ్బు వదల్లేదు, ఆ రోజు ఎంత నవ్వామో, అలాంటి నవ్వు మళ్ళీ నాకు రాలేదు, సార్, వింటున్నారా, అంటోంది లెక్కలమ్మాయి, ఆటగాళ్ళ అంకెలన్నీ చూసేది ఈ పిల్లే, మీ రిపోర్టులన్నీ నిన్న కూర్చుని చదివాను సార్, నాలుగేళ్ళలో మీరు తీసుకుందామన్న ఆరుగురిలో అయిదుగురిది ఎడమచేతి వాటం, అయిదుగురూ బంతి అందించేవాళ్ళే, మరి అందుకునేవాళ్ళేరి సార్, కోచ్ పగలబడి నవ్వాడు, నేనూ నవ్వబోయాను, సగంలోనే ఆగిపోయింది.

అయిదుగురు, నిజమే, ఒక్కొక్కణ్ణి ఏ మైదానంలో ఏ మూల నిలబడి చూశానో చెప్పగలను, ప్రతిసారీ నా కన్ను గొప్పదని మురిసిపోయాను, ఒక్కడి కోసమే వెతుకుతున్నానని తెలియలేదు, నిదానం ముందు అదే పని చేసేవాళ్ళు ముగ్గురున్నారు సార్, ఇక్కడుంటే మ్యాచ్‌కి నాలుగు నిమిషాలు, అక్కడికెళ్తే మొదటి అయిదుగురిలో ఆడిస్తామంటున్నారు, అంటోంది ఆ పిల్ల, గొంతులో వెటకారం లేదు, ఉంటే బాగుండేది, కోప్పడేవాణ్ణి.

ఎడమోడితో ఆడే రోజుల్లో నేను కెప్టెన్ని, అప్పటి కోచ్ నన్ను బంతుల గదిలోకి పిలిచాడు, రబ్బరు వాసన, గాలిపోయిన బంతి ఒకటి కాలితో దొర్లిస్తూ, ఒరేయ్, పొడుగోణ్ణి ఇస్తామంటున్నారు, మీ ఎడమోణ్ణి పంపమంటున్నారు, నువ్వు కాదంటే ఈ మాట ఇక్కడితో వదిలేస్తా, అన్నాడు, ఒక్క మాట చాలు, కానీ ఆ ఏడాది కప్పు మీద నాకెంత ఆశో, మీ ఇష్టం సార్, అన్నాను, గదికి వచ్చేసరికి వాడు అద్దం ముందు తల తుడుచుకుంటున్నాడు, తువ్వాలు వెనక్కి విసిరాడు, అది నేల మీద పడింది, వాడు మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు, ఏమైంది మామా, అన్నాడు, వంగి తువ్వాలు తీసి తీగ మీద ఆరేశాను, కప్పు గెలిచాం, వాణ్ణి అక్కడ రెండేళ్ళు బెంచీ మీదే కూర్చోబెట్టారు, మూడో ఏడు ఆట మానేశాడని విన్నాను, ఉత్తరం రాద్దామనుకున్నాను, రాయలేదు.

ఏం చెప్పమంటావన్నా, టైమైపోతోంది, అంటున్నాడు మేనేజర్, వద్దు అనే మాట నాలుక చివరికి వచ్చేసింది, ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టుంది, కిటికీలోంచి చూస్తే కింద కోర్టులో నిదానం బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు, అప్పటి ఎడమోడిలాగే వీడికీ ఇరవై ఒకటి, వాడిలాగే వీడూ ఆడకపోతే ఎండిపోతాడు, వద్దంటే ఈసారి బెంచీ మీద కూర్చోబెట్టేది నేనే అవుతాను, ప్రేమ కొద్దీ, పంపండి, అన్నాను, మీ ఇష్టం అనలేదు, పంపండి అని నా నోటితోనే అన్నాను, వాడికి నేనే చెప్తానని లేచాను, మెట్లు దిగుతుంటే కళ్ళు మసకబారుతున్నాయి, వద్దని చెప్పాల్సిన గది ఇది కాదు, ఆ బంతుల గది, అక్కడ చెప్పలేదు, ఇప్పుడు ఎంతమంది కోసం చెప్పినా అది ఎడమోడికి వినపడదు.