గట్టు మీద బట్టలు

ఆ పోటీలో అందరికంటే వెనకపడ్డవాళ్ళ వెనకాల ఒక వ్యాను నడుస్తుంది. టైము అయిపోయినవాళ్ళనీ, కాళ్ళు మొరాయించినవాళ్ళనీ ఎక్కించుకుని తెచ్చి దింపడం దాని పని. ఈసారి ఆ వ్యాను లాండ్రీది. నడిపేది ఇస్త్రీ అక్క మొగుడు. వారం ముందే ఆయన ముందు సీటు దులిపి, ఇంట్లోంచి దిండు తెచ్చి దాని మీద వేశాడు. ఎవరి కోసమని ఆమె అడిగితే, "ఇంకెవరి కోసం, నీ కోసమే" అని ఇకిలించాడు.

ఆమె ఆ దిండు తీసుకెళ్ళి మంచం మీద పడేసింది. ఆయన మళ్ళీ తెచ్చి సీట్లో పెట్టాడు. పోటీ రోజు దాకా ఆ దిండుకి ఇంటికీ వ్యానుకీ మధ్య తిరగడమే సరిపోయింది.

ఇస్త్రీ అక్క అన్నది పరుగుల క్లబ్బు వాళ్ళు పెట్టిన పేరు. ఆమెకు నలభై ఏడేళ్ళు. ఓ పెద్ద హోటలు కింద, కిటికీల్లేని గదిలో, ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతలు పెడుతోంది. రోజూ పొద్దున్నే క్లబ్బు వాళ్ళు ఆ గది తలుపు ముందు నుంచే పరుగెత్తేవారు. ఓ రోజు ఆమె ఉన్నపళంగా, కాళ్ళకున్న చెప్పులతోనే వాళ్ళ వెనక పడింది. క్లబ్బుని నడిపించే డ్రిల్లు మాస్టారు వెనక్కి తిరిగి చూసి, ఏదో అడగడానికి వచ్చిందేమో అనుకున్నారట. ఏమీ అడగలేదు. మర్నాడు బూట్లతో వచ్చింది.

ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకే పొద్దున చేసే పోటీకి క్లబ్బు పేర్లిస్తోందంటే ఆమె తన పేరూ ఇచ్చేసింది. మాస్టారు నచ్చజెప్పబోయారు. ముగ్గురు కలిసి తలా ఒకటి చేసే వీలుంది, నువ్వు పరుగు తీసుకో, ఈత ఇంకెవరికైనా వదిలెయ్యి అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. అసలు ఆమెకు కావలసిందే ఈత.

చిన్నప్పుడు అన్నలిద్దరూ కాలువలో ఈత నేర్చుకుంటుంటే, ఈమెను గట్టు మీద కూర్చోబెట్టారు. నాకూ నేర్పమని అడిగితే వాళ్ళ నాన్న, "నీకెందుకమ్మా ఈత, బట్టలు చూస్తూ ఉండు" అన్నాడు. మూడు వేసవులు చూసింది. ఏం తోచక అన్నల చొక్కాలూ లాగులూ మడతలు పెట్టేది. పిల్ల చెయ్యి ఎంత పొందికో అని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. ఆ మురిపెం తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే తొమ్మిది నెలలు ఆరేళ్ళ పిల్లల మధ్య నిలబడి, ముక్కుల్లోకీ చెవుల్లోకీ నీళ్ళు పోయించుకుని మరీ ఈత నేర్చుకుంది.

మొగుడు చెడ్డవాడేం కాదు. పెళ్ళాం ఏది మొదలుపెట్టినా సగంలో ఆపేస్తుందని ఆయనకో గట్టి నమ్మకం, అంతే. స్కూటరు నేర్పిస్తానని చెప్పి, రెండో రోజే తాళం జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత పదేళ్ళు, స్కూటరు మధ్యలో మానేసిందని అందరికీ చెప్పుకొచ్చాడు. మానేసింది ఎవరో ఆమెకు తెలుసు. ఈసారి ఆ దిండు మీద కూర్చోకుండా ముగింపు గీత దాటాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

సరస్సులో ఈత బాగానే సాగింది. చేతి మీద నల్ల సిరాతో రాసిన నంబరు చెదరలేదు, ఈమె గుండే చెదరలేదు. చివరి నుంచి నాలుగో మనిషిగా ఒడ్డుకి వచ్చింది. నీళ్ళలోంచి లేస్తూ గట్టు వైపు చూసి, ఎవరూ వినకుండా నాన్నని ఓ మాట అంది కూడా.

కొంప మునిగింది బట్టలు మార్చుకునే చోట. అక్కడ సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముందు వచ్చినవాళ్ళు తడి తువ్వాళ్ళూ టోపీలూ ఎక్కడివక్కడ విసిరేసి వెళ్ళిపోయారు. ఈమె బూట్లు వేసుకుంది, తన తువ్వాలు మడతపెట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. పక్క సైకిలు కింద నలిగి పడి ఉన్న తువ్వాలు కంటబడింది. ఇరవై రెండేళ్ళు అలవాటుపడ్డ చేతులు మనిషిని అడిగి పని చేస్తాయా? అదీ మడతపెట్టింది. ఆ పక్కదీ, దాని పక్కదీ. కంచె అవతలి నుంచి మాస్టారు నెత్తి బాదుకుంటూ పిలిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు. అప్పటికి పద్నాలుగు మడతలు, ఆరు నిమిషాలు.

సైకిలు తొక్కుతున్నంతసేపూ, నా చేతులు పడిపోను అని తనని తనే తిట్టుకుంది. ముందు ఎవరూ కనబడటం లేదు. వెనక మాత్రం లాండ్రీ వ్యాను నిమ్మకు నీరెత్తినట్టు వస్తోంది. ఎత్తు వచ్చినప్పుడల్లా మొగుడు హారను కొడుతున్నాడు. హుషారు చేయడానికో, దిండు గుర్తు చేయడానికో ఆయనకే తెలియాలి.

సైకిలు దిగాక హెల్మెట్టు తీసి నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ పోయింది. చేతి తొడుగులు ఒకటి ఇటు, ఒకటి అటు పడ్డాయి. వాటిని దాటుకుని పరుగందుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఏ గుడ్డనీ అలా వదిలి వెళ్ళలేదు. మహా హాయిగా ఉంది.

పరుగు అయిదు కిలోమీటర్లు. మూడు అయ్యేసరికి టైము అయిపోయింది. వ్యాను పక్కకొచ్చి ఆగింది. టైము దాటినవాళ్ళు కాగితం నంబరు ఇచ్చేసి బండెక్కాలన్నది రూలు. డ్రైవరు వంగి తలుపు తెరిచాడు. దిండు సీట్లోనే ఉంది.

"ఎక్కు. టైమైపోయింది. ఇంత దూరం వచ్చావు, చాల్లే."

"ఎక్కను."

"ఎక్కకపోతే ఏం ఒరుగుతుంది? ఇక లెక్కలోకి రాదుగా."

ఆమె ఆగింది. ఛాతీ మీది నంబరు కాగితానికున్న పిన్నులు ఒక్కొక్కటే తీసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దిండు మధ్యలో కూర్చోబెట్టింది.

"దీన్ని తీసుకెళ్ళండి. నేను నా కాళ్ళ మీదే వస్తాను."

ఆయన తలుపు వేసుకున్నాడు. సరే, నెమ్మదిగా వెనకాలే వస్తానన్నాడు.

"వెనకాల రావద్దు. నేనెక్కడ ఆగిపోతానా అని ఇరవై నాలుగేళ్ళుగా వెనకాలే వస్తున్నారు. ముందుకెళ్ళి అక్కడ నిలబడండి. నేను రావడం చూడండి."

వ్యాను వెళ్ళిపోయింది. రోడ్డు ఖాళీగా మిగిలింది. ఒక్క క్షణం ఆమెకు భయమేసింది. ఆ తర్వాత, వెనక ఎవరూ లేరన్న సంగతి ఒంటికి తెలిసింది. మోకాళ్ళు సలుపుతున్నాయి, పక్కటెముకల కింద పోటు. అయినా అంత సంతోషం ఆమె ఎరగదు. కాసేపు పరుగెత్తింది, కాసేపు నడిచింది, మళ్ళీ పరుగెత్తింది.

మళ్ళీ సరస్సు గట్టుకి చేరేసరికి గడియారం ఆపేశారు. గీత దగ్గర గాలి నింపి నిలబెట్టిన కమాను గాలి తీసేసి నేల మీద పరిచి ఉంది. దాని మీద నుంచే నడిచి గీత దాటింది. క్లబ్బు వాళ్ళు నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. మాస్టారు కళ్ళు తుడుచుకుని, ఫలితాల కాగితంలో నీ పేరు రాయరమ్మా అన్నారు. ఆయన గొంతులో బాధ నిజమైనదే.

"రాయకపోతే మానేయమనండి మాస్టారూ. ఈదింది నేను, తొక్కింది నేను, పరుగెత్తింది నేను. వాళ్ళు రాస్తేనా జరిగినట్టు?"

మొగుడు పక్కనే నిలబడి ఉన్నాడు. మార్చుకునే చోటు ఖాళీ చేస్తున్నారని, ఆమె తువ్వాలూ టోపీ, తొడుగులూ హెల్మెట్టూ చేతుల నిండా వేసుకొచ్చాడు. అన్నీ ఉండలు చుట్టుకుపోయి ఉన్నాయి. సర్దడానికి ఆమె చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది.

తర్వాత వంగి బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పింది. అవీ ఆయన చేతుల్లో ఉన్నవాటి మీదే పెట్టింది.

"ఎక్కడికి?" అన్నాడాయన.

"ఈతకి."

"పోటీ అయిపోయిందిగా?"

"అయిపోయింది కాబట్టే. బట్టలు చూస్తూ ఉండండి."

ఎంతసేపని అడిగాడు. నాకు చాలనిపించేదాకా అని చెప్పి నీళ్ళలోకి దిగింది. ఒడ్డు వెంబడి, పోటీకని నీళ్ళలో కట్టిన తాడు పక్కనే, తొందరేమీ లేకుండా ఈదుతూ పోయింది. ఆయన కాసేపు నిలబడ్డాడు. చేతులు లాగితే గట్టు మీద కూర్చున్నాడు. ఆమె వెనక్కి తిరిగి వచ్చే సూచన కనబడలేదు. ఇక ఏం తోచక, ఒళ్ళోని తువ్వాలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు.