మంచి వైపు ముక్క

"నా పేగు మా అక్క పనిచేసే లేబుకే ఇవ్వండి. నా వంట ఏనాడూ మెచ్చుకోలేదు, ఇదైనా మెచ్చుకుంటుందేమో" అంది చెల్లెలు, ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెడుతూ. సర్జన్ నవ్వాడు. పక్కనే ఉన్న అక్క నవ్వలేదు.

పదకొండేళ్లుగా వాచి, పుండ్లు పడి, నెత్తురు కారుతున్న పెద్దపేగు అది. పాడైనంత మేరా కోసేసి మంచి కొసలు రెండూ కలిపి కుట్టామన్నాడు సర్జన్, ఆపరేషన్ అయ్యాక. లేబుకు రెండు సీసాలు వచ్చాయి. ఒకదాంట్లో పుండు పడ్డ భాగం, రెండోదాంట్లో కోత అంచున ఉన్న మంచి భాగం. ఆ అంచు నిజంగా మంచిదైతే లోపల మిగిలిందీ మంచిదే. కాకపోతే అదీ తీసేయాలి. ఇక బతికినన్నాళ్లూ పొట్టకు సంచి తగిలించుకుని తిరగాలి.

మర్నాడు పొద్దున్నే అక్క రెండింటి నుంచీ అగ్గిపుల్లంత కండ ముక్కలు కోసి, పట్టుదారం కట్టి, ఒంటి వేడికి కాచిన ఉప్పునీటి గాజుగొట్టాల్లో వేలాడదీసి, దారం పై కొసను లాగుడు కొలిచే మీటకు తగిలించింది. మూడో గొట్టంలో, పోల్చి చూడటానికి, వాపు లేని ఇంకెవరిదో ముక్క, అదీ నిన్న వచ్చిందే. కణాల గోడల్లో చానెళ్లనే సన్నటి దారులు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తే కండ బిగుస్తుంది, దారం లాగుతుంది, తెర మీద గీత లేస్తుంది. వాపు ముదిరిన పేగులో ఆ చానెళ్లు మొరాయిస్తాయి.

పుండు ముక్క కదల్లేదు. అది అనుకున్నదే. అంచు ముక్కా కదల్లేదు.

కండను బిగించే మందు వేసింది. గీత చీమ తలంత లేచి పడుకుంది. ముడి విప్పి మళ్లీ కట్టింది. నీరు మార్చింది. ఆక్సిజన్ బుడగలు సరిచూసింది. ఇరవై ఏళ్లుగా తన చేతిపనికి ఎవరినీ వంక పెట్టనివ్వని మనిషి, ఈ ఒక్కపూట తప్పు తనదే కావాలని కోరుకుంది. కానీ అదే నీటితో, అదే గాలితో మూడో ముక్క ఆగకుండా లాగుతూనే ఉంది.

ఫోన్ మోగింది.

"అక్కా, నా ముక్క గంతులేసిందా?"

"ఇంకా కట్టలేదే."

"చాల్లే. అంట్లు కూడా సాయంత్రానికి ఉంచవు నువ్వు."

"పుండుది కదల్లేదు."

"మంచి వైపుది కూడానా?"

"ఊఁ."

అవతల ఆస్పత్రి మంచం కిర్రుమంది.

"డాక్టరుగారికి నువ్వే చెప్పు. నేను చెబితే ఇదీ జోకే అనుకుంటాడు."

అక్క ఇంకొక్కసారి నీరు మార్చి, పది నిమిషాలు గీతను చూసి, సర్జన్‌కు ఫోన్ చేసింది.