ఎల్లమ్మ అడిగిన పానకం

మంగళవారం ఒక్కపొద్దు ఉంటే చాలు, యశోదకు ఎల్లమ్మ పూనేది. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు. అత్త లక్ష్మక్క చెంబెడు బెల్లం పానకం తాగిస్తే అమ్మవారు శాంతించేది. "ఏమైందత్తా?" అంటూ కోడలు లేచి కూర్చునేది. ఊరి ఆడవాళ్లు ఆమె కాళ్లకు మొక్కేవాళ్లు.

ఒకనాడు మంగళవారం కాదు, పూజా లేదు. ఏమీ తినకుండా పత్తిచేనికి పోయిన యశోద సాలులోనే పడిపోయింది. కోడుమూరు ఆసుపత్రిలో వేలు గుచ్చి చూసి, రక్తంలో చక్కెర అడుగంటిందని కర్నూలు పెద్దాసుపత్రికి పంపారు.

డాక్టరు సాహితి అంతా విని, "క్లోమంలో చిన్న గడ్డ ఉండొచ్చవ్వా. కడుపు ఖాళీగా ఉన్నా అది ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది. పస్తు పెట్టి, చక్కెర పడిపోయినప్పుడే రక్తం తీయాలి. అప్పటిదాకా నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దు" అంది.

కోడలి నుదుట చెమట చూడగానే లక్ష్మక్క మనసు ఆగలేదు. నర్సు అటు తిరగ్గానే వెంట తెచ్చుకున్న చెంబులోని పానకం తాగించేసింది. పరీక్ష పాడైంది.

"నా మింద ప్రేమతోనే నన్ను చంపేటట్టుండావు" అంది యశోద. "మళ్లా పస్తుంటా. ఈ తూరి అడిగినా ఇయ్యొద్దు, తిట్టినా ఇయ్యొద్దు."

"నువ్వు తిట్టేది నాకు కొత్తా?"

రెండోసారి పస్తులో ఒక మిట్టమధ్యాహ్నం యశోద చేతులు వణికాయి. చూపు నిలిచిపోయింది. గొంతు మారింది.

"ఎల్లమ్మనొచ్చినా! పానకం పొయ్యి!"

ఇన్నేళ్లూ ఆ గొంతుకు లక్ష్మక్క ఎదురు చెప్పింది లేదు. పక్క మంచం మీది కృపమణి భయపడి, "ఇచ్చెయ్ అక్కా!" అంది. లక్ష్మక్క చెంబును ఒడిలో అదిమిపట్టుకుంది.

"ఎల్లమ్మవే అయితే కాసేపు ఓర్చుకో తల్లీ. నా కోడలివైతే, ఇయ్యొద్దన్నది నువ్వే." వాకిలి వైపు తిరిగి అరిచింది. "డాక్టరమ్మా, వచ్చిందీ! బిరీన రా!"

వేలు గుచ్చారు, రక్తం తీశారు, వెంటనే నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. యశోద కళ్లు తేటపడ్డాయి.

"తిట్టినానా అత్తా?"

"శానా."

చక్కెర అంతగా పడిపోయినా ఇన్సులిన్ తగ్గలేదని ఫలితం వచ్చింది. తర్వాత తీసిన స్కానులో క్లోమం మీద శనగగింజంత గడ్డ కనిపించింది.

"ఆపరేషన్ చేసి తీసేద్దాం. అప్పటిదాకా పస్తులుండొద్దు" అంది సాహితి.

"మంగళవారం?"

"మంగళవారం కూడా, అవ్వా."

లక్ష్మక్క తాజాగా కలిపిన పానకం చెంబు కోడలి చేతిలో పెట్టింది.

"తాగు. ఎల్లమ్మకు నేను జవాబు చెప్పుకుంటా."