తలుపు మనం తీయకూడదు

కోర్టు వరండాలో పైడమ్మ పళ్ళెం ముందు పెట్టుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆవిడ పోయి ఏడాది దాటిందని హైమవతికి తెలుసు, తెలిసినా ఆశ్చర్యం మాత్రం కలగడం లేదు, పోయి పోయి కోర్టులో చింతపండేమిటి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారన్నదే ఆమె చిరాకంతా. అటూ ఇటూ నల్లకోట్లు తిరుగుతున్నాయి, వాటిలో మనుషులున్నారో లేరో తెలియడం లేదు, ఎక్కడో బంట్రోతు ఎవరి పేరో పిలుస్తున్నాడు, ఆ పేరు తనదేనేమోనని హైమవతి చెవులు రిక్కిస్తోంది.

"కూకో హైమమ్మా. ఏటైనా తిన్నావా?" అంటుంది పైడమ్మ తలెత్తకుండానే.

కూర్చునే తీరిక ఎక్కడిది? నాలుగింటికి ఆఫీసరమ్మ వస్తుంది, ఆలోగా ఇంటికి చేరాలి. ఇల్లంటే హైమవతి సొంతిల్లు కాదు, పైడమ్మ పెట్టిన ఇల్లు. జైలు గేటు బయట ఎదురుచూసే మనిషంటూ లేని ఆడవాళ్ళు విడుదలయ్యాక తలదాచుకునే చోటు అది. పైడమ్మ తనూ జైలుకెళ్ళి వచ్చిన మనిషే, అక్షరం ముక్క రాదు, నోరుంది. హైమవతి ప్లీడరు, నోరు లేదు గాని చదువుంది. ఒకరి నోరు, ఒకరి చదువు కలిసి ఆ ఇంటిని ఇన్నేళ్ళు లాక్కొచ్చాయి. పైడమ్మ పోయేముందు ఆస్పత్రి మంచం మీద హైమవతి చెయ్యి పట్టుకుని, "ఇల్లు ఎత్తీకమ్మా" అని, దాన్ని మూసెయ్యనని మాట తీసుకుంది. మాట తీసుకున్నవాళ్ళకేం, కళ్ళు మూసుకుని పోతారు, ఇచ్చినవాళ్ళు కదా బతికుండి అవస్థ పడాలి.

ఆ అవస్థ గురించే హైమవతి చెప్పబోతుంది గాని చెప్పేలోగా వరండా సన్నబడిపోతుంది, మధ్యలోకి జైల్లో ఖైదీలను చూడ్డానికి వెళ్ళే ములాఖత్ గది ఇనుప జల్లెడ వచ్చి నిలబడుతుంది, పైడమ్మ అటు, తను ఇటు. లోపల ఎవరో బయట ఎవరో తేల్చుకోవాలని చూస్తుంది, తేలదు. జల్లెడకు నోరు ఆనించి అన్నీ చెబుతుంది. చందాలిచ్చేవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారని, ఇంటివాడు ఖాళీ చెయ్యమంటున్నాడని, ఆఫీసరమ్మ పైన ఉన్న సర్కారు ఆఫీసువాళ్ళు ఇంటి ఖర్చంతా తామే పెట్టుకుంటామంటున్నారని, దానికి ఒక్కటే షరతు పెట్టారని, చీకటి పడితే ఇంటికి బయటినుంచి తాళం వేసి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచాలని, ఇంటి కమిటీలో పెద్దలంతా అది మంచిదేగా, ఆడవాళ్ళకు భద్రత కదా అంటున్నారని. ఒప్పుకుంటే ఇల్లు నిలుస్తుంది, జైలవుతుంది. ఒప్పుకోకపోతే ఆడవాళ్ళు రోడ్డున పడతారు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది హైమవతి బతుకు.

"నాలుగింటికి సంతకం పెట్టాలి అక్కా. పెట్టనా, మాననా?"

పైడమ్మ ఒక పిక్క తీసి కొంగుకు తుడుచుకుంటుంది. "కొత్తగా వచ్చినాది, నూకాలో ఎవులో, అదెలగుంది?" అంటుంది.

అడిగిందొకటి, చెప్పేదొకటి. బతికున్నప్పుడూ ఇంతే ఈవిడ. హైమవతికి ఒళ్ళు మండుతుంది గాని జవాబు చెప్పకుండా ఉండలేదు, పైడమ్మ అడిగితే చెప్పడం అలవాటైపోయిన ప్రాణం. నూకాలు బాగానే తింటోందని, పని చెబితే చేస్తోందని, తలుపు మాత్రం తీయడం లేదని చెబుతుంది. స్నానాల గది ముందు తువ్వాలు పట్టుకుని నిలబడుతుంది, దగ్గరకు వేసిన తలుపే, నెడితే చాలు, అయినా ఎవరో రావాలన్నట్టు నిలబడే ఉంటుంది. వంటగదీ అంతే, వీధి తలుపూ అంతే.

"నువ్వు తీసినావా?"

"లేదక్కా. మన కట్టుబాటు నాకు తెలియదా?"

ఆ కట్టుబాటు పైడమ్మ పెట్టిందే. ఆ ఇంట్లో ఏ ఆడమనిషికీ ఇంకొకరు తలుపు తీయకూడదు, ఎంతసేపైనా సరే, తన చేత్తో తనే తీసుకోవాలి. చూసేవాళ్ళకు రాతిగుండెల్లా కనబడతారు. పైడమ్మ జైలు నుంచి చెల్లెలింటికి వచ్చిన మొదటిరోజు మరుగుదొడ్డి ముందు అలాగే నిలబడిపోయిందట, ఎవరో వచ్చి తీస్తారని. ఎవరూ రాలేదు, చీర తడిసిపోయింది. చెల్లెలు ఏమీ అనకుండా చీర మార్చుకోమని ఇచ్చింది, మర్నాటి నుంచి వెంట నడిచి తలుపులన్నీ తనే తీసేది. ఆ ప్రేమ నన్ను ఇంకో ఏడాది జైల్లో పెట్టిందమ్మా అనేది పైడమ్మ. ఆ మాట చెప్పినప్పుడల్లా నవ్వేది, వినేవాళ్ళకు మాత్రం ఏడుపొచ్చేది.

జల్లెడ ఎప్పుడు పోయిందో పోయింది. ఇప్పుడు ఇద్దరూ ఒక గదిలో ఉన్నారు, ఇంటి వంటగదిలా ఉంది గాని కిటికీ లేదు, గోడలు తడిగా, వేడిగా ఉన్నాయి, ఒకవైపు తలుపుంది. ఆ తలుపు తీసుకుని వెళితే ఇల్లు, ఇంట్లో ఆఫీసరమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది. హైమవతి తలుపు దాకా వెళ్ళి నిలబడుతుంది. వెనక ఎప్పుడొచ్చారో ఆడవాళ్ళు సత్తు పళ్ళాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు, అందరూ తన వీపు వంకే చూస్తున్నారు.

"అక్కా, తలుపు తీయండి."

"నాను తియ్యను."

"నాలుగవుతోంది అక్కా."

"అవనీ."

అప్పుడు హైమవతికి కోపం వస్తుంది, ఏడాదిగా కడుపులో దాచుకున్న కోపం, చచ్చిపోయిన మనిషి మీద పడకూడని కోపం. మాట తీసుకుని నన్ను కట్టిపడేసి పోయావని అరుస్తుంది. మెచ్చుకున్నవాళ్ళంతా నిన్ను మెచ్చుకున్నారు, అప్పులవాళ్ళంతా నా గుమ్మంలోకి వచ్చారు, నా ప్రాక్టీసు పోయింది, నా నిద్ర పోయింది, ఏ పని చెయ్యబోయినా పైడమ్మ అయితే ఏం చేసేదో అని నలుగురూ నా మొహం చూస్తారు, నాకు నువ్వంటే ప్రాణం, నువ్వంటే అసహ్యం కూడా, అని నోటికొచ్చినదంతా అనేస్తుంది. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి 'నువ్వు' అనేసిందని ఆమెకే తెలియదు.

పైడమ్మ చింతపండు చేతులు కడుక్కోకుండానే లేచి వస్తుంది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

"నానేటి హాయిగున్నాననుకున్నావా? పొద్దు లేస్తే అక్కా ఏటి సెయ్యమంటావని పిలుస్తావు. పిలిస్తే రాకుండా ఉండలేను, వచ్చి నీకేటీ సెప్పలేను. సచ్చిపోయినా నన్ను పట్టుకుని కూకున్నావు. నువ్వు సంతకం పెట్టినా నాకు కోపం లేదు, ఇల్లు ఎత్తీసినా కోపం లేదు. నన్ను ఒగ్గీ తల్లీ, పోనీ."

"మరి తలుపో?"

"ఎవులూ రారమ్మా. నువ్వే తీసుకోవాల."

హైమవతి చెయ్యి చాపాలనుకుంటుంది, చెయ్యి ఎక్కడుందో కనబడదు. ఎక్కడో గంట గణగణ మోగుతుంది, ఆ చివర నుంచి తలుపులు ఒకటొకటిగా మూసుకుంటూ వస్తున్నాయి, వరసలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే మాయమవుతున్నారు, పైడమ్మ ఏదో అంటోంది గాని పెదవులు కదలడమే తప్ప మాట వినబడడం లేదు, ఆఖరి తలుపు ధడేలున పడుతుంది.

హైమవతి ఉలిక్కిపడి లేచింది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, జాకెట్టు వీపుకు అంటుకుపోయింది, పగటి ఎండ కిటికీ పైభాగానికి ఎక్కింది. పైడమ్మ ఇంట్లోనే అన్నం తిన్నాక కాస్సేపు నడుం వాలుద్దామనుకున్న మనిషి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. గబగబా కొప్పు ముడేసుకుని వెళ్ళి తలుపు లాగింది. తలుపు రాలేదు. మళ్ళీ లాగింది. బయట గడియ పెట్టి ఉంది.

ఇంట్లో ఆడవాళ్ళంతా కుట్టుపనికి వెళ్ళిపోయారు, ఉన్నది నూకాలొక్కతే. హైమవతికి అర్థమైంది. జైల్లో మధ్యాహ్నం అన్నాలు కాగానే అందర్నీ లోపలికి పంపి గడియలు పెడతారు, ఎండ తగ్గాక వార్డరు వచ్చి తీస్తుంది. పిలుద్దామని నోరు తెరిచి కూడా ఆమె పిలవలేదు. తలుపు ముందు చేతులు కట్టుకుని అలాగే నిలబడింది. నా తప్పేముంది, తలుపేశారు, ఆఫీసరమ్మ వచ్చి చూసుకుని పోతుంది, సంతకం గొడవ రేపటికి పోతుంది అనిపించింది, అలా అనిపించినందుకు ప్రాణం హాయిగా కూడా ఉంది. ఆ హాయికి ఆమెకు భయం వేసింది.

"నూకాలూ" అని పిలిచింది.

తలుపుకు ఆనుకునే ఉన్నట్టుంది, వెంటనే పలికింది నూకాలు. "అన్నాలయిపోనాయి కదండీ మేడమ్, గడియెట్టీసినాను. తీసీవోలు ఇంకా రాలేదండి."

"ఎవరూ రారమ్మా. బయట ఉన్నది నువ్వే. నువ్వే తియ్యి."

వీధిలో జీపు ఆగింది, ఎవరో గేటు కొట్టారు. నూకాలు ఊపిరి తలుపు సందులోంచి వినబడుతోంది.

"నాను తీస్తే రాసుకోరు కదండీ?"

జైల్లో తలుపు తీసినా వేసినా పుస్తకంలో రాసుకుంటారు. షరతుకు ఒప్పుకుంటే రాత్రి తలుపు ఎవరు తీశారు, ఎన్నింటికి తీశారు అని రేపట్నించి ఇక్కడా వాచ్‌మన్ రాస్తాడు, కింద తను సంతకం పెట్టాలి. ఆఫీసరమ్మకు ఏం చెప్పాలో ఎవర్నీ అడగనక్కర్లేదని ఆమెకు తెలిసింది. ఇల్లు పోతే చెట్టుకింద అయినా సరే, తాళం కిందికి వీళ్ళను పంపడం తన వల్ల కాదు.

"రాసుకోరు. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ రాసుకోరు" అంది.

గేటు మళ్ళీ కొట్టారు. హైమవతి కొట్టనిచ్చింది, తొందరపెట్టలేదు. చాలాసేపటికి గడియ కొంచెం కదిలి ఆగింది, మళ్ళీ కదిలింది.