గుండు వల్ల పడిన చిల్లు

నేను ఒక జెండాను. పెళ్లి పందిరి మీద కప్పినా ఇంకా మిగిలేంత పెద్ద జెండాను. అమెరికాలో గ్రేపాయింట్ అనే రేవు ఊళ్లో పుట్టాను. నన్ను కుట్టిన హెప్జిబాకు ఇంట్లో చోటు చాలక, పక్కనున్న రొట్టెల కొట్టు నేల మీద పరిచింది. ఎర్ర చారలు, తెల్ల చారలు, నక్షత్రాలు అన్నీ బాగానే కుదిరాయి గానీ కుట్లలోకి పిండి దూరింది. కోట మీద మొదటిసారి ఎగరేసినప్పుడు నేను దులుపుకున్న పిండికి కింద సిపాయిలందరూ తెల్లబడి తుమ్ములు మొదలెట్టారు.

కొన్నాళ్లకు యుద్ధం వచ్చింది. ఇంగ్లీషువాళ్ల ఓడలు రేవు ముందు నిలబడి రోజల్లా కోట మీద ఫిరంగులు పేల్చాయి. నాకు భయం వెయ్యలేదని చెప్పను. కర్రకు కట్టేసి ఉన్నాను కాబట్టి పారిపోలేదు, అంతే. దానికే ధైర్యం అని పేరు పెట్టారు. పొగ తేలిపోయేసరికి ఓడలు వెనక్కి మళ్లాయి, నేను ఎగురుతూనే ఉన్నాను. ఊరు ఊరంతా టోపీలు గాల్లోకి విసిరింది.

పేరొచ్చాక ఏమవుతుందో నాకప్పుడు తెలియదు. కోట కెప్టెన్ థోర్న్ నన్ను ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య లవీనియా మంచి మనిషి, ఎవరినీ కాదనలేదు. వచ్చినవాళ్లల్లా ‘గుర్తుగా చిన్న ముక్క’ అనేవారు. ఆ రోజుల్లో అక్కడ అదొక ఆనవాయితీ. ప్రేమ చూపించడానికి కత్తెర తేవడం మనుషులకే చెల్లింది! మేయరుకొక ముక్క, పాదిరికొక ముక్క, పాదిరికి ఇచ్చారని ఆయన బావమరిదికి ఇంకో ముక్క. నా అంచు వంటింటి మసిగుడ్డలా తయారైంది.

ఊరు మురిసిపోయింది మాత్రం నా మధ్యలో ఉన్న గుండ్రటి చిల్లు చూసి. పళ్లెమంత ఉంటుంది. దాని సంగతి పత్రికలవాళ్లు అడిగితే కెప్టెన్ ఒకే మాట అనేవాడు: “ఫిరంగి గుండు వల్లే.” ఇంకా అడిగితే లేచి వెళ్లిపోయేవాడు. ఊరికి ఆ ఒక్క మాట చాలింది. శత్రువు గుండు నాలోంచి దూసుకుపోయిందని పాటలు కట్టారు. మధ్యలో చిల్లు పెట్టి ‘గుండు బిస్కెట్లు’ అమ్మారు. తరాలు మారినా ఆ బిస్కెట్లు మారలేదు.

చివరికి ఊరి మ్యూజియానికి చేరాను. అక్కడ కోరిన్ అనే అమ్మాయి నాకు వైద్యం మొదలెట్టింది. పాత బట్టలను కాపాడటం ఆమె పని. ఒకరోజు ఆమె భూతద్దం చిల్లు అంచు దగ్గర ఆగిపోయింది. మ్యూజియం అధికారి విట్లాక్‌ని పిలిచింది.

“సార్, ఇది గుండు తగిలిన చిల్లు కాదండీ. దారాలన్నీ నున్నగా తెగున్నాయి. ఎవరో కత్తెరతో కోశారు.”

విట్లాక్ కుర్చీలో కూలబడ్డాడు. “వచ్చేవారం ఊరి ఉత్సవం కోరిన్! మన తాతలంతా అబద్ధాలకోర్లని ఇప్పుడు బోర్డు మీద రాయమంటావా?”

“రాయకపోతే నేను అబద్ధాలకోరుని అవుతాను కదండీ. అలాగైతే ఈ పని నాకొద్దు.”

ఆమె నిజం రాస్తే ఊరు తలదించుకుంటుంది, నన్ను ఏ పెట్టెలోకో నెట్టేస్తారు. రాయకపోతే ఆ చల్లని చెయ్యి నాకిక దక్కదు. నాకు నోరుంటే గట్టిగా అరిచేదాన్ని.

ఆ మర్నాడే ఎడీలా ప్రూయిట్ అనే పెద్దావిడ బిస్కెట్ పొట్లంతో నన్ను చూడ్డానికొచ్చింది. దిగాలుగా కూర్చున్న కోరిన్‌ని ఏమైందని అడిగింది. విషయం విని పకపకా నవ్వింది.

“కత్తెర కాక మరేంటమ్మా! మా ఇంట్లో పిల్లలక్కూడా తెలుసు. మా ముత్తాతకి తాత, జోనస్ అని, ఆ కోటలో ఫిరంగి పేల్చేవాడు. గుండు తగిలి సముద్రంలో పడిపోయాడు. మనిషి దొరకలేదు. ఆయన భార్య డోర్కాస్ కెప్టెన్ ఇంటికెళ్లి, ‘అయ్యా, నేను దేన్ని పాతిపెట్టుకోవాలి?’ అని అడిగింది.”

“మరి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేమండీ?”

“ఊరు జాలిపడటం ఆవిడకి ఇష్టం లేదు, ఎవరికీ చెప్పొద్దంది. ఆ తర్వాత ఎవరడిగారమ్మా? అందరూ బిస్కెట్లు కొనుక్కుని పోయేవాళ్లే.”

అవును. ఆ రోజు లవీనియా నా మీద పళ్లెం బోర్లించి చుట్టూ కోసింది. డోర్కాస్ ఆ ముక్కను పసిబిడ్డను పొదువుకున్నట్టు గుండెలకు ఆనించుకుని వెళ్లింది. కోసినందుకు కాదు, నా బాధంతా ఆమెను చూసే.

కోరిన్ కళ్లు తుడుచుకుని ఒక్క ఉదుటున లేచి విట్లాక్ దగ్గరికి పరుగెత్తింది. “సార్! కెప్టెన్ అబద్ధమాడలేదు. గుండు తగిలి అనలేదు, గుండు వల్ల అన్నాడు!”

బోర్డు మీద ‘గుండు వల్ల పడిన చిల్లు’ అన్న పాత మాట అలాగే ఉంది. దాని కింద డోర్కాస్ కథ చేరింది. ఉత్సవం నాడు ఊరంతా వచ్చి చదివింది. ఎవరూ తలదించుకోలేదు, కొందరు టోపీలు తీశారు. బిస్కెట్లు ఎప్పటికన్నా ఎక్కువ అమ్ముడయ్యాయి. తీపి తగ్గిందని ఎడీలా పేచీ కూడా పెట్టింది.

ఇప్పుడు నేను చల్లటి గదిలో, అద్దాల వెనక హాయిగా పడుకున్నాను. ఇక్కడ నా పేరు జెండా. చర్చి వెనక సమాధుల్లో, ఒక రాయి కింద, పళ్లెమంత నేను కూడా పడుకుని ఉన్నాను. అక్కడ నా పేరు జోనస్ ప్రూయిట్.